రూపాబాయి ఫర్దూన్‌జీ: మత్తు డాక్టరు నుంచి సూపరింటెండెంటు దాకా

అమీర్‌పేటలో పెరిగి, పంజాగుట్ట మీదుగా రోజూ బడికి వచ్చిన మనకు రోనాల్డ్ రాస్ పేరు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారని, అందుకు 1902లో నోబెల్ బహుమతి వచ్చిందని సైన్సు క్లాసులో చదువుకున్నాం. మనకు కూతవేటు దూరంలో బేగంపేటలో ఆయన పేరు మీద ఒక సంస్థే ఉంది. ఆయన పేరు అడిగితే మన బడిలో ఏడో తరగతి పిల్లలు కూడా చెబుతారు.

రాస్ కంటే ఎనిమిదేళ్ల ముందే, ఇదే నగరంలో ఒక యువతి ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి రోగులకు మత్తు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమె పేరు డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. అనస్థీషియా వైద్యుల చరిత్రలో ఆమెను ప్రపంచంలోనే మొట్టమొదటి అర్హత పొందిన మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటారు. ఆ శాఖ డాక్టర్లలో ఆమె పేరు తెలియనివారు తక్కువ. ఊళ్లో మాత్రం రాస్‌కు తెలిసినంతమంది ఆమెకు తెలియదు. స్వర్ణోత్సవ సంచికలో మన ఊరి మనిషి గురించి ఒక వ్యాసం ఉండాలనుకున్నప్పుడు నాకు ముందుగా తట్టిన పేరు ఆమెదే.

ఆమె తొలి మహిళ కావడం ఒక్కటే ఇందుకు కారణమైతే ఇంత రాయనక్కర్లేదు. తొలి మహిళల జాబితాలు మనకు చాలానే ఉన్నాయి. ఆమె జీవితంలో నన్ను ఆకట్టుకున్నది వేరే విషయం. 1885లో వైద్యవిద్యలో చేరిన ఆమె 1920లో ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. అంటే 35 ఏళ్లు. మొదలుపెట్టిన ఆడపిల్లలు చాలామంది ఉంటారు. చివరిదాకా ఉండి, పై కుర్చీ దాకా వెళ్లేవాళ్లు ఈ రోజుకీ తక్కువే. ఆమె ఎలా ఉండగలిగారు అన్నదే ఈ వ్యాసం.

ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరు కావాలంటే

ముందు ఆ కాలం సంగతి గుర్తు చేసుకోవాలి. 1869లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సోఫియా జెక్స్-బ్లేక్, ఆమె తోటి విద్యార్థినులు వైద్యం చదవడానికి చేరారు. 1870 నవంబరులో వాళ్లు పరీక్ష రాయడానికి సర్జన్స్ హాలుకు వెళ్తుంటే గుంపుగా అడ్డుపడి, బురద విసిరి, గేటు మూసేశారు. వాళ్లు బతికుండగా ఆ విశ్వవిద్యాలయం వాళ్లకు డిగ్రీ ఇవ్వనే లేదు. వైద్యవిద్యకు ప్రపంచమంతా పేరు చెప్పుకునే ఊళ్లో జరిగిన ముచ్చట ఇది.

మన దేశంలో మద్రాసు ముందడుగు వేసింది. 1875లో మేరీ షార్లీబ్‌తో పాటు మరో ముగ్గురు స్త్రీలను మద్రాసు మెడికల్ కాలేజీలో చేర్చుకున్నారు. కలకత్తాలో కాదంబినీ గంగూలీ 1886లో వైద్య పట్టా అందుకున్నారు. అదే ఏడు మార్చిలో మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎం.డి. పూర్తి చేశారు. కొల్హాపూర్ సంస్థానం ఆమెకు ఆసుపత్రి మహిళా వార్డు బాధ్యత అప్పగించింది. కానీ జబ్బుపడి తిరిగొచ్చిన ఆమె ఆ పని చేపట్టకుండానే 1887 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు ఇంకా 22 ఏళ్లు నిండలేదు. కాదంబిని డాక్టరుగా నిలబడ్డారు గానీ, ఒక పత్రిక ఆమె నడవడి మీద నీచంగా రాస్తే కోర్టుకు వెళ్లి గెలవాల్సి వచ్చింది.

అప్పటి వైస్రాయి భార్య లేడీ డఫరిన్ 1885లో ఒక నిధి స్థాపించారు. ఘోషాలో ఉండే స్త్రీలకు స్త్రీల చేతనే వైద్యం అందించడం దాని ఉద్దేశం. దాని వల్ల దేశమంతటా జనానా ఆసుపత్రులు, మహిళా డాక్టర్లు వచ్చారు. అయితే లేడీ డాక్టరు ఎంత చదివినా చాలాచోట్ల ఆమె పైన సివిల్ సర్జను అనే మగ అధికారి ఉండేవాడు. ఆసుపత్రి ఆడవాళ్లది, రోగులు ఆడవాళ్లు, వైద్యం చేసేదీ ఆడవాళ్లే, పెత్తనం మాత్రం ఇంకొకరిది. ఈ పరిస్థితి మీద అసంతృప్తితో మహిళా వైద్యులు 1907లో సొంతంగా సంఘం పెట్టుకున్నారు. 1914లో వాళ్లకంటూ ఒక ప్రత్యేక వైద్య సర్వీసు వచ్చింది. అందులోనూ ఎక్కువమంది బ్రిటిష్ మహిళలే. లోపలికి రానివ్వడం వేరు, అధికారం ఇవ్వడం వేరు అన్న పాఠం అప్పుడే మొదలైంది.

హైదరాబాద్ మెడికల్ స్కూలు

మన నగరంలో వైద్య పాఠశాల 1846లో మొదలైంది. రెసిడెన్సీ సర్జను డాక్టర్ మెక్లీన్ దాని మొదటి అధిపతి. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేసి చూపించినదీ ఆ ఏడాదే. ఆధునిక అనస్థీషియా, హైదరాబాద్ వైద్యవిద్య ఒకే ఈడువన్నమాట. ఇక్కడ చదువు పూర్తి చేసినవారికి ఇచ్చే పట్టా పేరు హకీమ్.

1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను రెసిడెన్సీకి వచ్చి స్కూలు బాధ్యత తీసుకున్నారు. ఆయన ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర శస్త్రచికిత్స నేర్చుకున్న మనిషి. తన గురువు చెప్పిన పద్ధతి మీద ఎంత నమ్మకమంటే, దాన్ని నిరూపించడానికి ప్రపంచంతోనైనా తగువు పెట్టుకునే రకం. ఆ ఏడాదే హైదరాబాద్ మెడికల్ స్కూలులో ఐదుగురు స్త్రీలు చేరారు. వారిలో రూపాబాయి ఒకరు. ఎడిన్‌బరోలో గేటు మూసిన 15 ఏళ్లకు, ఎడిన్‌బరోలో చదివిన ఒక సర్జను ఉన్న స్కూల్లో, నిజాం రాజ్యంలో గేటు తెరుచుకుంది.

రూపాబాయి పార్శీ కుటుంబానికి చెందినవారు. జంటనగరాల్లో పార్శీలు సంఖ్యలో కొద్దిమందే అయినా పాతకాపులే. సికింద్రాబాద్‌లో వాళ్ల అగ్ని ఆలయం 1847 నాటిది. వ్యాపారంలోనూ, నిజాం కొలువులోనూ వాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఆడపిల్లల చదువుకు మిగతావారికంటే ముందుగా తలుపు తీసిన సమాజం కూడా వాళ్లదే. ఇంటి వైపు నుంచి అడ్డు తక్కువగా ఉండడం, సరిగ్గా ఆ సమయానికే స్కూలు తలుపు తెరుచుకోవడం, రెండూ కలిసొచ్చాయి.

క్లోరోఫారం అంటే ఆషామాషీ కాదు

ఆమె చేసిన పని ఎంత బరువైనదో తెలియాలంటే క్లోరోఫారం గురించి కొంచెం చెప్పుకోవాలి. నేను డాక్టరును కాను. బాయిలర్లు, ప్రెషర్ గేజీలు, సేఫ్టీ వాల్వుల మధ్య 30 ఏళ్లు గడిపిన ఇంజనీరును. నాకు అర్థమైన భాషలోనే చెబుతాను.

ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ 1847 నవంబరులో క్లోరోఫారాన్ని వాడకంలోకి తెచ్చారు. ఈథర్ కంటే తొందరగా పనిచేస్తుంది, వాసన తియ్యగా ఉంటుంది, నిప్పు అంటుకోదు. గుడ్డ మీద బొట్లు బొట్లుగా వేసి ముక్కు దగ్గర పెడితే చాలు, పెద్ద యంత్రం అక్కర్లేదు. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు జాన్ స్నో క్లోరోఫారమే ఇచ్చారు. దాంతో దాని పేరు మారుమోగిపోయింది.

కానీ వచ్చిన మూడు నెలల్లోపే అది ఒక ప్రాణం తీసింది. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి కూర్చుని, క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. ఆ తరువాత కూడా అలాంటి మరణాలు జరుగుతూనే వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి, చిన్న ఆపరేషన్, ఉన్నట్టుండి చావు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

మత్తుకు, మరణానికి మధ్య ఎడం క్లోరోఫారంలో చాలా తక్కువ. మా భాషలో చెప్పాలంటే ఆపరేటింగ్ ప్రెషర్‌కు, బాయిలర్ పేలే ప్రెషర్‌కు మధ్య మార్జిన్ లేనట్టే. పైగా గేజీ లేదు. ఎంత ఆవిరి లోపలికి పోతోందో కొలిచే సాధనం లేదు. ఆ ద్రవం సుమారు 61 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, ఎండాకాలం హైదరాబాద్‌లో గుడ్డ మీద పడ్డ బొట్టు చలిదేశంలో కంటే వేగంగా ఆవిరవుతుంది. వెలుతురు తగిలితే పాడై విషవాయువుగా మారుతుంది. అందుకే దాన్ని రంగు సీసాల్లో దాచేవారు. ఇన్ని చిక్కులున్న మందును చేతి అంచనాతో, కంటి చూపుతో, చెవితో రోగి ఊపిరి వింటూ ఇవ్వాలి.

ఇంత ప్రమాదకరమైన పనిని ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో తరచుగా అనుభవం లేని కుర్ర డాక్టర్లకో, విద్యార్థులకో అప్పగించేవారు. కత్తి పట్టినవాడిదే పేరు, సీసా పట్టినవాడు సహాయకుడు. హైదరాబాద్‌లో లారీ దీన్ని తలకిందులు చేశారు. ఆయన దృష్టిలో మత్తివ్వడమే అసలు విద్య. దాన్ని పద్ధతిగా నేర్పారు. ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో రూపాబాయి ఒకరు.

హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్

క్లోరోఫారం ముందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్నది అప్పటి పెద్ద తగువు. లండన్ డాక్టర్లు గుండె అన్నారు, కాబట్టి నాడి చూడమన్నారు. సైమ్ శిష్యుడైన లారీ ఊపిరి అన్నారు. నాడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఊపిరి ఆగడం గమనించరు, అప్పటికే ఆలస్యమవుతుంది అన్నది ఆయన వాదం. ఏ గేజీ వైపు చూడాలి అన్న ప్రశ్న ఇది. ఏ ప్లాంటులోనైనా ప్రాణం మీదికి తెచ్చేది ఈ ప్రశ్నే.

1888లో ఆయన హైదరాబాద్‌లో మొదటి క్లోరోఫారం కమిషన్ ఏర్పాటు చేసి కుక్కల మీద ప్రయోగాలు చేయించారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ప్రభుత్వం 1,000 పౌన్లు ఇచ్చి, మీ నిపుణుడినే పంపి చూసుకోండి అని కబురు పెట్టింది. ఒక సంస్థానం తన ఖజానా డబ్బుతో లండన్ వైద్య ప్రపంచానికి విసిరిన సవాలు అది. 1889 చివరలో లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన ఔషధ శాస్త్రవేత్త హైదరాబాద్ వచ్చారు. ఆయన కూడా గుండె వాదం వైపు మొగ్గినవారే. రెండో కమిషన్ కొద్ది నెలల్లో కుక్కలు, కోతులతో సహా నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసింది. ఊపిరే ముందు ఆగుతోందని బ్రంటన్ ఒప్పుకున్నారు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రచురించింది. వైద్య పరిశోధనలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినిపించడం అదే మొదలు.

ఈ కమిషన్ల పనిలో పాలుపంచుకున్నవారిలో రూపాబాయి ఉన్నారు. మొదటి కమిషన్ నాటికి ఆమె ఇంకా చదువుకుంటున్న అమ్మాయి. రెండోదాని నాటికి కొత్తగా వృత్తిలోకి అడుగుపెట్టిన డాక్టరు. ఆ వయసులో, ఆ కాలంలో, అప్పటి వైద్యశాస్త్రంలో అత్యంత వివాదాస్పదమైన ప్రశ్న మీద జరుగుతున్న పరిశోధన మధ్యలో ఆమె ఉన్నారు. దీని విలువ మనం గుర్తించాలి. ఆమెను ఒక మూల జనానా వార్డులో కూర్చోబెట్టి కాన్పులు మాత్రమే చూసుకోమనలేదు. సంస్థ తన ప్రతిష్ఠను పణంగా పెట్టిన పనిలోనే ఆమెకు చోటిచ్చారు.

కమిషన్ చెప్పింది పూర్తిగా నిజం కాలేదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, మత్తు పలచగా ఉన్నప్పుడు భయం, నొప్పి వంటివాటికి శరీరంలో ఊరే అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి అదిరిపోయి ఆగిపోతుందని తేలింది. అంటే గుండె వాదంలోనూ నిజం ఉంది. రెండు గేజీలూ చూడాలి. అయినా ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న హైదరాబాద్ పాఠం వృథా పోలేదు. ఈ రోజు పంజాగుట్ట నిమ్స్‌లో ఆపరేషన్ బల్ల పక్కన ఉండే మానిటర్ తెర మీద గుండె గీత, ఊపిరి గీత రెండూ కనిపిస్తాయి. ఆ రెండింటి వెనుకా ఈ తగువు ఉంది.

మూడు ఆసుపత్రులు, 28 ఏళ్లు

1889 నుంచి 1917 దాకా రూపాబాయి హైదరాబాద్‌లో మూడు ఆసుపత్రుల్లో మత్తు వైద్యురాలిగా పనిచేశారు. ఒకటి రెసిడెన్సీ ఆసుపత్రి, అంటే ఇప్పటి సుల్తాన్ బజార్ ఆసుపత్రి. రెండోది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, మన ఉస్మానియా జనరల్ ఆసుపత్రికి పూర్వరూపం. మూడోది విక్టోరియా జనానా ఆసుపత్రి, తరువాతి కాలపు ప్రసూతి ఆసుపత్రి.

ఈ మూడింటిలో అఫ్జల్‌గంజ్‌ది ప్రత్యేకం. అది స్త్రీల కోసం పెట్టిన ఆసుపత్రి కాదు. నగరం నలుమూలల నుంచి అన్ని రకాల జనం వచ్చే పెద్ద దవాఖానా. లేడీ డాక్టరు అంటే జనానాకే పరిమితం అన్న రోజుల్లో ఆమె పని అక్కడ కూడా సాగింది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. నది ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. 19 ఏళ్లుగా తాను పనిచేస్తున్న ఆసుపత్రి ఒక్క రోజులో లేకుండా పోవడాన్ని రూపాబాయి తరం డాక్టర్లు చూశారు. భవనం పోయింది, వైద్యం ఆగలేదు. తరువాత కొత్త భవనం లేచి ఉస్మానియా అన్న పేరు వచ్చింది.

మరొక సంగతి. ఎడ్వర్డ్ లారీ 1901లో హైదరాబాద్ వదిలి వెళ్లారు. ఆమెకు తలుపు తెరిచిన పెద్ద దిక్కు వెళ్లిపోయినట్టే. 1911లో మహబూబ్ అలీ పాషా కూడా కన్నుమూసి, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. పై అధికారి మారితే కింద ఉన్నవాళ్ల తలరాత మారడం మనకు తెలియంది కాదు. ఒకరి దయతో వచ్చిన చోటు ఆ ఒక్కరితోనే పోతుంది. రూపాబాయి లారీ వెళ్లాక ఇంకో 19 ఏళ్లు సర్వీసులో ఉన్నారు. అప్పటికి ఆమె చోటు ఆమె చేతి పనితనం మీద నిలబడి ఉంది.

ఇరవై ఏళ్ల సర్వీసు తరువాత మళ్లీ విద్యార్థిని

1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్లారు. భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిప్లొమా చదవడానికి. అప్పటికి అనస్థీషియాకు ప్రత్యేకమైన కోర్సు లేదు. మత్తుమందులు వాయువులు, ఆవిరులు కాబట్టి వాటి స్వభావం తెలియాలంటే ఆ రెండు శాస్త్రాలే దారి.

ఒక ఇంజనీరుగా నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. 20 ఏళ్లుగా రోజూ చేస్తున్న పనిలో ఆమెకు కొత్తగా నేర్పగలిగేవాళ్లు ఊళ్లో ఉండి ఉండరు. చేతికి వచ్చిన విద్య చాలనుకుని హాయిగా ఉండొచ్చు. అయినా ఓడెక్కి, చలిదేశం వెళ్లి, తనకంటే చాలా చిన్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని ఆవిరి పీడనం, వాయువుల నియమాలు చదువుకున్నారు. చెయ్యి చేసే పనికి కారణం ఏమిటో తెలుసుకోవాలన్న తపన అది. అదీ ఏ ఊళ్లో? క్లోరోఫారం పుట్టిన ఊళ్లో, 39 ఏళ్ల కిందట ఆడపిల్లల ముందు గేటు మూసిన ఊళ్లో.

కాదంబినీ గంగూలీ కూడా ఆమెకు ముందే, 1893లో, అదే ఎడిన్‌బరో వెళ్లి అదనపు అర్హతలు తెచ్చుకుని కలకత్తా తిరిగివచ్చారు. ఇద్దరి దారీ ఒకటే. పట్టా అందుకోవడంతో చదువు ముగిసిందనుకోలేదు. మధ్యలో వెళ్లారు, చదివారు, తిరిగి వచ్చి తమ చోటును ఇంకొంచెం గట్టి చేసుకున్నారు. వెళ్లడానికి వీలు దొరకడం ఎంత ముఖ్యమో, తిరిగి వచ్చాక పని ఉండడం అంతే ముఖ్యం. రూపాబాయి తిరిగి వచ్చారు. మళ్లీ ఆపరేషన్ గదిలోకే వెళ్లారు.

సూపరింటెండెంటు

1920లో ఆమె పదవీ విరమణ చేసేనాటికి చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటు. మందుల నిల్వల నుంచి సిబ్బంది హాజరు దాకా, రోగి ప్రాణం నుంచి సర్కారుకు వెళ్లే కాగితం దాకా అన్నింటికీ జవాబు చెప్పాల్సిన కుర్చీ అది. మత్తిచ్చే పనిలో ఉన్నవాళ్లు ఆపరేషన్ గదిలో ఎప్పుడూ తల దగ్గరే నిలబడతారు. కోత జరిగే చోటు అందరూ చూస్తారు, తల దగ్గర ఉన్నవాళ్లను ఎవరూ చూడరు. అలాంటి పనిలో 28 ఏళ్లున్న మనిషి ఆసుపత్రి మొత్తానికి అధిపతి కావడం ఇప్పటికీ విశేషమే.

ఆమె ఎందుకు నిలవగలిగారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య రంగంలో పనిచేసేవారిలో సుమారు 70 శాతం మహిళలు. పై స్థాయి పదవుల్లో ఉన్నవారిలో మాత్రం వాళ్లు సుమారు 25 శాతం. రూపాబాయి కాలపు సమస్య తలుపు. మన కాలపు సమస్య మెట్లు.

మా పదో తరగతి బ్యాచ్‌నే తీసుకోండి. జీవశాస్త్రంలో మొదటి మార్కులన్నీ అమ్మాయిలవే. వాళ్లలో ముగ్గురు డాక్టర్లయ్యారు. పేర్లు రాయను, చదివితే వాళ్లకే తెలుస్తుంది. ఒకామె పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు నైట్ డ్యూటీలు కుదరక మానేసి, తిరిగి వద్దామనుకునేసరికి తన జూనియర్ల కింద చేరాల్సి వచ్చింది. ఇంకొకామె ఇరవై ఏళ్లుగా విభాగం మొత్తాన్ని నడిపిస్తున్నా బోర్డు మీద పేరు వేరొకరిది. మూడో ఆమె మాత్రం విభాగాధిపతి అయ్యారు. ఆమెకు, మిగతా ఇద్దరికీ తెలివిలో తేడా ఉందని మా బ్యాచ్‌లో ఎవరూ అనరు. ఆమె ఇంట్లో అత్తగారు పిల్లల్ని చూసుకున్నారు, పై చదువుకు సెలవు దొరికింది, తిరిగి వచ్చాక పాత చోటే ఉంది. అంతే తేడా.

రూపాబాయి జీవితాన్ని దీని పక్కన పెట్టి చూస్తే నాకు నాలుగు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, ఆమె ఒంటరిగా చేరలేదు, ఐదుగురిలో ఒకరిగా చేరారు. ఒక్క ఆడపిల్ల ఉంటే వింతగా చూస్తారు, ఐదుగురుంటే అలవాటు పడతారు. రెండు, మొదటి నుంచీ ఆమెకు బరువైన పని ఇచ్చారు. సులువైన పనితో పక్కన పెట్టి, తరువాత అనుభవం లేదని పదవి ఇవ్వకపోవడం ఆమె విషయంలో జరగలేదు. మూడు, నడివయసులో చదువుకోవడానికి వెళ్లి తిరిగి వచ్చే వీలు ఉంది. నాలుగు, ఆదరించిన పెద్దలు వెళ్లిపోయాక కూడా సంస్థ ఆమెను వదులుకోలేదు. ఇవేవీ అద్భుతాలు కావు. ఒక సంస్థ తలుచుకుంటే చేయగల పనులు. 130 ఏళ్ల కిందట ఒక సంస్థానం చేయగలిగింది.

మెషీన్ కొనేటప్పుడు మేం ధర ఒక్కటే చూడం. ఎంతకాలం నడుస్తుంది, మధ్యలో ఓవర్‌హాల్‌కు ఆపితే మళ్లీ లైన్లోకి ఎలా వస్తుంది అన్నది కూడా చూస్తాం. ఒక డాక్టరును తయారుచేయడానికి సమాజం పెట్టే ఖర్చు, కాలం ఎంతో అందరికీ తెలుసు. ఆమెను నలభయ్యో ఏట వదులుకోవడం ఆమె ఒక్కదానికే నష్టం కాదు. ఆసుపత్రిని నడపగల చెయ్యిని ఆసుపత్రి పోగొట్టుకుంటోంది.

మనం చేయగలిగింది

మన అమీర్‌పేట ఇప్పుడు కోచింగ్ సెంటర్ల ఊరు. సాయంత్రం మైత్రీవనం దగ్గర నిలబడితే దేశంలోని ఉద్యోగాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయా అనిపిస్తుంది. సీటు ఎలా కొట్టాలో, ఉద్యోగంలో ఎలా చేరాలో చెప్పే బోర్డులు వందలు. చేరాక ఎలా నిలబడాలో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. ఆ పని పూర్వ విద్యార్థుల సంఘం లాంటిదే చేయాలి.

స్వర్ణోత్సవ సందర్భంగా కార్యవర్గం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. మన బడిలో చదివి డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు అయిన ఆడపిల్లల జాబితా ఒకటి తయారుచేద్దాం. వాళ్లలో సీనియర్లు ఏడాదికి రెండుసార్లు జూనియర్లను కలిసి మాట్లాడే ఏర్పాటు చేద్దాం. మధ్యలో ఆగిపోయినవాళ్లు తిరిగి రావడానికి కోర్సు ఫీజో, సిఫారసు ఉత్తరమో, పిల్లల్ని చూసుకునే మనిషో ఏది అవసరమైతే అది చూద్దాం. సాధారణంగా మనం టెన్త్ టాపర్లకు ఇచ్చే బహుమతికి మనసు ఎక్కువ పెడతాం. నలభై ఏళ్ల వయసులో తిరిగి ఉద్యోగంలో చేరిన మన అక్కయ్యకో, చెల్లెమ్మకో ఇచ్చే సాయానికి కూడా అంతే మనసు పెడదాం.

రెండోది చిన్నది. సైన్సు ల్యాబ్ గోడ మీద రోనాల్డ్ రాస్ బొమ్మ ఉంది. దాని పక్కన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు, 1885, 1920 అన్న రెండు సంవత్సరాలు రాయిద్దాం. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందని పిల్లలు అడిగితే చెప్పడానికి మన టీచర్లు ఉన్నారు.